పలకకూడని పేరు, చెప్పకూడని నంబరు

రాసుకో. నేను ఆగినచోట నువ్వూ ఆగు. నేను చెప్పనిది మాత్రం చేర్చకు, నీకు ఆ అలవాటు ఉంది.

పోయిన నెల జగదల్‌పూర్ నుంచి వచ్చినప్పుడు నీ కంప్యూటర్ చదువు ఎలా ఉందని అడిగాను. నువ్వు గంటసేపు చెప్పావు. ఇకముందు మనిషి వివరాలన్నీ ఒక్క పెద్ద గోదాములో ఉండవట. ఎవరి రుజువులు వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల చేతి తాళంచెవి కిందే ఉంటాయట. అడిగినవాడికి అడిగినంతే చూపించి మిగతాది దాచుకోవచ్చట. నేను చింతపండులో గింజలు తీస్తూ ఊ కొడుతూ ఉన్నాను. "అమ్మమ్మా, అర్థమైందా, నిద్రపోతున్నావా?" అన్నావు. అర్థమైంది. అందుకే ఇది రాయిస్తున్నాను.

పేర్లు మాత్రం రాయొద్దు. నా పేరూ వద్దు, ఆమె పేరు అసలే వద్దు.

నా పుట్టిల్లు తోంగ్‌పాల్ దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో హల్బీ, బడిలో హిందీ. బడి రెండో క్లాసుతోనే అయిపోయింది. హిందీ నోట్లో మిగిలింది గానీ కళ్లలో మిగల్లేదు. మాట్లాడతాను, చదవలేను. అంకెలు మాత్రం ఏ భాషలో ఉన్నా చదువుతాను, సంతలో తూకం మోసం చేస్తారని మా అమ్మ కొట్టి నేర్పించింది. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఇది గుర్తుపెట్టుకో.

పెళ్లయి పామేడు దిక్కుకు వచ్చాను. ఇక్కడ దోర్లీ, మన తెలుగు తప్ప ఇంకేమీ వినపడదు. హల్బీలో నవ్వడానికి ఒక్కరు లేరు. ఆ ఏడు ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోతే, నాలాగే కొత్తగా కాపురానికి వచ్చిన ఒకామె పక్క చెట్టు కింద ఉంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆమె ఏరుతూనే ఉంది. నా బుట్ట అడుగు కూడా నిండలేదు, ఆమె బుట్ట నిండిపోయింది. అప్పుడు తల ఎత్తి చూసింది.

"నోటితోటి ఏరుతున్నవా పువ్వు? చేతులతోటి ఏరాలె."

ఆమె నాతో అన్న మొదటి మాట అది.

తర్వాతి ఏడు పుట్టింటికి పోయినప్పుడు మా మేనమామ పూరీ జగన్నాథుడి దగ్గర్నుంచి తెచ్చిన ఎండు మెతుకుల ప్రసాదం చిన్న మూట కట్టి ఇచ్చాడు. మా పుట్టింటి దిక్కు ఒక ఆచారం ఉంది. ఇద్దరు ఆ ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే జన్మంతా తోడు. ఆ రోజు నుంచి ఒకరినొకరు మహాప్రసాద్ అనే పిలుచుకోవాలి. అసలు పేరు నోటితో పలకకూడదు. ఎవరు అడిగినా, ఎంత అవసరం వచ్చినా. పలికితే బంధం తెగినట్టే.

ఆ మూట తెచ్చి ఆమె ముందు విప్పి సంగతి చెప్పాను. ఆమె మెతుకుల వంక చూసింది, నా వంక చూసింది.

"మా ఆయన పేరు అనొద్దు. బావ పేరు అనొద్దు. ఇప్పుడు నీ పేరు గూడ బంద్ అంటే ఇగ నాకు నోరెందుకు?"

"తినడానికి," అన్నాను.

తిన్నది.

అప్పటి నుంచి ఆమె నాకు మహాప్రసాద్, నేను ఆమెకు మహాప్రసాద్. నా పిల్లలకు ఆమె మహాప్రసాద్ పెద్దమ్మ. ఊరికి కూడా నోరు అలాగే తిరిగిపోయింది. నీళ్ల దగ్గర అవతలి ఒడ్డు నుంచి "మహాప్రసాద్" అని పిలిస్తే ఇద్దరం తిరిగి చూసేవాళ్లం. నలభై ఏళ్లు దాటింది. ఆమె అసలు పేరు తలుచుకోవాలంటే నేను కూడా ఒక క్షణం ఆగాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో మనిషిని ఎలా గుర్తుపట్టేవాళ్లో చెబుతాను, నీ చదువుకు కావాలి. కొత్త ఊరికి పోతే పేరు ఎవరూ అడిగేవారు కాదు. "ఏ గట్టోళ్లు?" అనేవారు. మా జనానికి గట్లు ఉన్నాయి, గోత్రాల్లాంటివి, ఏ గట్టు వాళ్లు ఏ గట్టుతో పిల్లనిచ్చి పుచ్చుకోవాలో వాటితోనే తేలుతుంది. గట్టు చెబితే రెండో ప్రశ్న, "ఎవలింటోళ్లు?" అది చెబితే మూడోది, "మీ అమ్మ ఏ ఊరి పిల్ల?" మూడింటికీ జవాబు సరిపోతే మంచం వేసేవారు. ఒక్కటి తడబడితే నీళ్లు ఇచ్చి పంపించేవారు. దీనికి కాగితం లేదు. ఎవరి దగ్గరా మొత్తం లెక్క లేదు, తలా ఒక ముక్క ఉండేది. నువ్వు చెప్పిన కొత్త పద్ధతి ఇదే కదా అని నేను అడిగితే నువ్వు నవ్వావు. నేను నవ్వడానికి అడగలేదు.

తర్వాత కార్డు వచ్చింది. వేళ్లూ కళ్లూ తీసుకునే కార్డు. బడి వరండాలో మిషన్ పెట్టారు. ఆపరేటర్‌కు హిందీ తప్ప రాదు, మా వాళ్లకు హిందీ తప్ప అన్నీ వచ్చు. మధ్యలో నేను కూర్చున్నాను. పొద్దున్నుంచీ అందరి తరఫునా మాట్లాడుతున్నాను, ఎంత గొప్పగా ఉందో నాకు. ప్రతి మనిషికీ ఫోన్ నంబరు కావాలన్నాడు. మా వాడకట్టులో ఫోన్ ఉన్నది నాకొక్కదానికే. అందరికీ నా నంబరే రాయించాను. "మంచిది, అన్నీ నీ దగ్గరనే ఉంటయి," అని అందరూ సంతోషపడ్డారు.

మహాప్రసాద్ వంతు వచ్చింది. కళ్ల మిషన్ ముందు పెట్టి, రెప్ప కొట్టొద్దు, నోరు కదపొద్దు అన్నాడు. ఆమె ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. అతను కంప్యూటర్ మీద చేతులు పెట్టి, నా వంక చూడకుండానే అడిగాడు.

"ఇస్‌కా నామ్?"

పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆగిపోయింది. ఆమె అటు రెప్ప వేయకుండా ఉంది, వెనక వరస కదలడం లేదు. అతను మళ్లీ అడిగాడు.

"మహాప్రసాద్," అన్నాను.

అంటే, ఆమె నాకు మహాప్రసాద్, నేను పేరు పలకకూడదు, ఆమెనే అడగండి అని చెప్పబోతున్నాను. అంతలోనే టకటకా కొట్టేశాడు. తెర మా వైపు తిప్పి అంతా సరిగ్గా ఉందా అన్నాడు. ఇద్దరం తెర చూశాం. ఆమె ఫోటో బాగా వచ్చింది. సరిగ్గా ఉందన్నాం.

కార్డు వచ్చినప్పుడు ఊరంతా నవ్వింది. ఎక్కడో కూర్చుని ఆ పేరు చూసి రేషన్ జాబితాలు రాసినవాళ్లు ఆమెను మగ అని రాశారు. రేషన్ దుకాణంలో డీలర్ కాగితం చదివి, "మహాప్రసాద్ గారు మీసాలు ఎక్కడ మరిచిపోయొచ్చిండ్రు?" అనేవాడు. ఆమె వేలు మిషన్ మీద నొక్కి, "నీ భార్య దగ్గర తాకట్టు పెట్టిన, అడుగు పో," అనేది. వేలు సరిపోయేది, బియ్యం వచ్చేవి. వేలు ఆమెది, పేరు నేను పెట్టింది. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం.

తర్వాత ఆమె భర్త జ్వరంతో పోయాడు. వాగు పక్కన వాళ్లకు ఒక చెలక ఉంది. అడవి కొట్టి ఇద్దరూ సాగు చేసుకున్న మెట్ట నేల. రాళ్లు ఏరిన చేతులు ఆయనవి ఎన్నో ఆమెవీ అన్ని. దానికి ప్రభుత్వం పట్టా ఇచ్చింది, పట్టా ఆయన పేరు మీద, కింద భార్య అని ఆమె అసలు పేరు. ఆయన పోయాక ఆమె పేరుకు మార్చాలి. ఇప్పుడు అన్నీ కంప్యూటర్‌లోనే. పట్టాలు మార్చే శిబిరం వానలకు ముందు వస్తుంది, అప్పటికి కార్డులో పేరూ పట్టాలో పేరూ ఒకటి కావాలి, కాకపోతే కార్డు సరిగ్గా ఉన్న దగ్గరి వారసుడి పేరుకు పోతుంది అని పట్వారీ చెప్పాడు. వాళ్లకు పిల్లలు లేరు, దగ్గరి వారసుడంటే ఆమె మరిది.

"అవసరమైతే నా పేరు రాయించుకుంట వదినా, నిన్ను నేను ఎల్లగొడతనా?" అన్నాడు మరిది. మంచివాడే.

ఆమె నా వైపు తిరిగింది. నాతో అంది. "నా చెలకల నేను ఒకల్ని అడిగి అడుగు పెట్టాల్నా?"

ఇద్దరం పట్టణానికి పోయి, పేరు మార్చమని సర్వీసు సెంటర్‌లో దరఖాస్తు పెట్టాం. ఫోన్ మీద నంబరు వస్తుంది, చూసుకోండి అన్నాడు అక్కడి మనిషి. ఎప్పుడు, ఎవరు అడుగుతారు, ఎవరికి చెప్పాలి, ఇదేదీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, సరిగ్గా రాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నోరు మూసుకోలేదు. బస్సు నిండా మనుషులు, సంతకు పోయి వస్తున్నవాళ్లు, చర్ల దిక్కు వాళ్లు. మహాప్రసాద్ అని కార్డులో ఎలా పడిందో, మగ అని ఎలా రాశారో, ఇప్పుడు ఎలా మార్పిస్తున్నామో, నంబరు నా ఫోన్‌కే వస్తుందని, ఆమె కార్డు తీసి చూపిస్తూ అన్నీ చెప్పాను. ఒకాయన రాసుకుంటానని అడిగితే నా ఫోన్ నంబరు కూడా చెప్పాను, ఇప్పపువ్వు కొంటాడేమోనని. జనం పడి పడి నవ్వారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నీ నోట్లె తుపాకి పెట్టినా ఆగదు," అంది దిగేటప్పుడు.

మన ఊళ్లో సిగ్నల్ గుట్ట మీద పెద్ద రాయి దగ్గర వస్తుంది. రోజూ మధ్యాహ్నం ఇద్దరం ఎక్కి కూర్చునేవాళ్లం. నాలుగో రోజో ఐదో రోజో ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, బాగున్నవా? తహసీల్ నుంచి. మహాప్రసాద్ పేరు తప్పు పడ్డది కదా, సరిచేస్తున్న."

ఆ మాట వినగానే నా గుండె కరిగిపోయింది. ఆఫీసు మనిషి మన మాట మాట్లాడటం నేను పుట్టి ఎరగను.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"చర్ల దిక్కు పెద్దమ్మా."

"ఎవలింటోళ్లు?"

"మళ్ల సిగ్నల్ పోతది పెద్దమ్మా. ఇప్పుడే నంబరు వస్తది, చూసి చెప్పు."

మహాప్రసాద్ నా మోచేయి పట్టుకుంది. "ఎవడు? తెలిసినోడా?"

"మన మాట మాట్లాడుతున్నడు," అన్నాను.

టింగుమని వచ్చింది. పైన హిందీలో ఏదో బారెడు రాసి ఉంది. మధ్యలో ఆరు అంకెలు. అంకెలు చదివాను. ఒక్కొక్కటీ నిదానంగా, తప్పు పోకుండా, రెండుసార్లు చదివాను. "దండం పెద్దమ్మా," అన్నాడు. ఆ రోజు గుట్ట దిగుతూ ఇద్దరం పాట పాడుకున్నాం.

రెండో ప్రశ్నకు వాడు జవాబు చెప్పలేదు. చూశావా? గట్టు అయితే నేను అడగనే లేదు. మా అత్త ఉండి ఉంటే వాడికి నీళ్లు కూడా ఇచ్చేది కాదు. ఇన్నేళ్లూ గుమ్మం ముందు నిలబడ్డ ప్రతివాడినీ మూడు ప్రశ్నలు అడిగినదాన్ని, ఫోన్‌లోంచి వచ్చినవాడిని లోపలికి రానిచ్చాను.

ఆ నంబరుతో వాడు కార్డుకు ఉన్న ఫోన్ మార్చేశాడు. నా ఫోన్ తీసేసి వాడిది పెట్టుకున్నాడు. ఆ కార్డుతో ఏం చేశాడో ఈనాటికీ మాకు పూర్తిగా తెలియదు. పేరు మార్పు దరఖాస్తు అక్కడే నిలబడిపోయింది. ఏ నంబరు వచ్చినా ఇక వాడికే పోతుంది. సెంటర్‌లో అడిగితే, వేలు పెట్టి మళ్లీ మీ ఫోన్ ఎక్కించుకోవచ్చు గానీ ఫిర్యాదు తేలేదాకా ఆగాలి, కొన్ని నెలలు పడుతుంది అన్నారు. శిబిరానికి వారం కూడా లేదు.

శిబిరం రోజు ఇద్దరం పొద్దున్నే పోయాం. బల్ల వెనక పట్వారీ, పక్కన కంప్యూటర్ మనిషి. పట్టా చూశారు, కార్డు చూశారు, ఆమెను చూశారు. ఆమె తన పేరు తానే చెప్పింది. కార్డులో అది లేదన్నారు. పట్వారీకి ఎందుకో జాలి కలిగింది. "ఈమెను ఎరిగిన సాక్షి ఎవరైనా ఉన్నారా?" అని హిందీలో అడిగాడు.

నేను ముందుకు పోయాను. ఎన్నేళ్లుగా తెలుసు అన్నాడు. చెప్పాను. "అయితే ఈమె పేరేంటి?"

నేను ఆమె వంక చూశాను. ఆమె నేల చూస్తోంది. అక్కడ మన ఊరివాళ్లు ఉన్నారు, మరిది ఉన్నాడు. చెప్పకపోతే చెలక పోతుంది. పట్వారీ పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

"చెప్పు," అంది ఆమె, తల ఎత్తకుండానే. "చెలక కంటె ఎక్కువ కాదు."

చెప్పాను. మూడు అక్షరాల పేరు. నలభై ఏళ్లు నోట్లో దాచుకున్నది, నోట్లోంచి రాయి ఊసినట్టు వచ్చింది.

పట్వారీ కాగితం మీద రాసుకున్నాడు, నా వేలిముద్ర తీసుకున్నాడు. కంప్యూటర్ మనిషి ఏదో కొట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. సాక్ష్యం ఫైల్లో ఉంటుందట, కంప్యూటర్‌లోకి ఎక్కదట. దానికి ఫోన్ మీద వచ్చే నంబరే కావాలట. "ఆ నంబరు చెప్పగలరా?" అన్నాడు. ఆ నంబరు ఎవరి దగ్గరికి పోతుందో మాకే తెలియదు.

తర్వాతి మనిషిని పిలిచారు.

బయటకు వచ్చాం. ఆమె నీళ్ల కుండ దగ్గరికి పోయి తాను తాగి, గ్లాసు నింపి నా దగ్గరికి తెచ్చింది. నన్ను నా పేరు పెట్టి పిలిచింది. "నీళ్లు తాగుతవా?" అంది. కోపంతో కాదు. తిట్టినా బాగుండేది. బస్టాండ్‌లో పక్కన కూర్చున్న పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది.

తాగాను. ఏం చేయను.

చెలక మరిది పేరు మీద ఎక్కింది. ఆయన కార్డులో పేరు తప్పు లేదు. ఇప్పటికీ దున్నేది ఆమే, కోసేది ఆమే. కానీ విత్తనం ఏది వేయాలో మరిదిని అడుగుతుంది. ఆయన, "నీ ఇష్టం వదినా," అంటాడు. ఆ మాట వినడానికి ప్రతి ఏడూ వాళ్ల ఇంటి ముందు నిలబడుతుంది.

తర్వాత నువ్వు సెలవులకు వచ్చావు. నా ఫోన్‌లో ఆ పాత మెసేజ్ వెతికి తీశావు. అంకెల పైన హిందీలో రాసి ఉన్నది చదివి వినిపించావు. "ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు." అంతే ఉంది. పలకకూడని పేరు నలభై ఏళ్లు పలకలేదు గానీ, చెప్పకూడని నంబరు రెండుసార్లు చదివి మరీ చెప్పాను.

ఆమెను నువ్వే తీసుకుపోయి, వేలు పెట్టించి, ఫోన్ మళ్లీ మార్పించావు. ఈసారి నీ నంబరు పెట్టావు. పేరు కూడా మార్పిద్దాం అన్నావు. ఆమె, "ఉండనీ బిడ్డా. చెలక పోయినంక పేరు దేనికి?" అంది. నువ్వు రెండోసారి అడగలేదు. మంచి పని చేశావు.

ఇక నీ కొత్త పద్ధతి. తాళంచెవి మనిషి చేతిలోనే ఉంటే, అది పోతే ఎవరిని అడగాలి అని నేను అడిగాను. గుర్తుందా? నువ్వు ఉషారుగా చెప్పావు. ముందే నమ్మకమైన ముగ్గురికో నలుగురికో తలా ఒక ముక్క ఇచ్చి పెట్టుకోవచ్చట, తాళంచెవి పోతే వాళ్లంతా కలిసి మళ్లీ తయారు చేసి ఇస్తారట. బాగుంది బిడ్డా. నేను కాదనను. గోదాము కన్నా నయమే. కానీ ఆ నమ్మకమైన ముగ్గురిలో ఒకతి నాలాంటిది ఉంటుంది. ఆమెకు ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. ఎవడో పెద్దమ్మా అంటాడు, మన మాట మాట్లాడతాడు. దానికి మీ మిషన్‌లో ఏం పెట్టారు? నువ్వు, "దాని మీదే పని చేస్తున్నారు అమ్మమ్మా," అన్నావు. చేయనీ. మూడు ప్రశ్నలు అడగమను.

ఆమె ఇప్పుడు నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. నేను ఆమెను ఏమీ పిలవను. ఆ పేరు రెండోసారి నా నోటికి రాదు, పాత పిలుపుకు నాకు హక్కు లేదు. ఎదురైతే, "ఇగో," అంటాను. పిల్లలు కూడా ఉత్త పెద్దమ్మ అనే అంటున్నారు. ఊరికి నోరు తిప్పుకోవడం ఎంతసేపు.

మొన్న రేషన్‌కు పోతే వరసలో ఆమె నాకు ముందు ఉంది. డీలర్ తెర చూసి గట్టిగా చదివాడు. "మహాప్రసాద్."

నేను కూడా తల ఎత్తాను. అలవాటు. ఆమె వెనక్కి చూడలేదు. ముందుకు పోయి మిషన్ మీద వేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. లోకంలో ఆమెను ఇంకా ఆ పేరుతో పిలిచేది ఆ మిషన్ ఒక్కటే.